గోరంత సందు

ఉపగ్రహాన్ని కక్ష్యలో అటూ ఇటూ నెట్టే చిన్న ఇంజను బల్ల మీద ఉంది. దాని గొట్టం నిండా ఉత్ప్రేరకం గింజలు. ఇంధనం వాటిని తాకితే చాలు, నిప్పులాంటి వేడి వాయువైపోతుంది. ఆ వేడిని కంప్యూటర్లో లెక్కగట్టే అమ్మాయి, గింజలు నింపే ఫిట్టరు దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగున వచ్చింది.

“బాబాయ్, నా మోడల్ ఎనిమిది వందల డిగ్రీలంటోంది. పరీక్షలో ఏడొందలే వచ్చింది. మధ్యాహ్నం మీటింగులో నా మోడల్ని మూలన పడేస్తారు!”

“గింజలు తట్టి తట్టి మరీ నింపానమ్మాయ్.”

“నింపాక ఎక్కడ పెట్టారు?”

“డ్రిల్లింగ్ మిషను పక్కన, అలమరాలో. పడుకోబెట్టి.”

“పడుకోబెట్టా!”

“నిలబెడితే పడిపోదూ? ఓసారి నా కాలి మీదే పడింది. అప్పట్నుంచీ పసిపిల్లలా గుడ్డ కప్పి పడుకోబెడుతున్నా.”

“ఆ మిషను అదురుకి గింజలన్నీ కిందికి సర్దుకుని, పైన సందు పడుతుంది బాబాయ్. కొంత ఇంధనం గింజల్ని తాకకుండా అందులోంచే జారుకుంటుంది. నా లెక్కలో సందే లేదు!”

“ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదే!”

“నేను మాత్రం? మూడు నెలలు గొట్టం మందం మారుస్తూ కూర్చున్నా గానీ, మెట్లు దిగి రాలేదు. సందు ఎంతుంటుంది?”

“పరీక్షయ్యాక నిన్న విప్పి చూశాగా. ఇదిగో, చిటికెన వేలికి పెరిగిన ఈ గోరంత.”

“చెయ్యి కదపకండి, కొలుస్తున్నా... లెక్కలో వేశా... బాబాయ్! వంద పోయి నాలుగు డిగ్రీలే తేడా! బతికిపోయాను!”

“ఆ నాలుగూ ఎందుకు మిగిలాయి?”

“ఆమాత్రం ఎక్కడైనా ఉంటుంది లెండి.”

“కాదమ్మా. పొద్దున్నే ఆ గోరు కాస్త కత్తిరించాను.”