మూల మిగిలిన బొంత

లోవ అని, పేరంటాలుకి కొత్త కోడలు. ఏడో నెల కడుపు. పేరంటాలంటే మీరెరగరు గానీ, ఆవిడింట్లో ఏ వస్తువుకీ చావు లేదనుకోండి. చీర చిరిగితే తలగడ గలీబు, గలీబు చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చిరిగితే దీపంలో వత్తి, వత్తి కాలితే ఆ మసి దూడకి దిష్టిచుక్క. పాలప్యాకెట్లు కడిగి దండేనికి ఆరేస్తే, దారిన పోయేవాళ్లు పెళ్లి తోరణాలనుకుని భోజనానికి కూర్చున్నారంట. నేనబద్ధం చెప్తానా, ఇద్దరికి విస్తరి కూడా వేశారు.

లోవకి ఇదంతా సిగ్గు. వాళ్లమ్మ వరహాలమ్మ ఏమో, మా ఇంట్లో పాతదనేది కనపడదని ఊరంతా డప్పేసుకునే మనిషి. ఆవిడ కూతుర్ని పురిటికి తీసుకెళ్లడానికి వస్తోందనగా ఏమైందంటే, అత్త పొలం వెళ్లిన పూట, పాత బట్టలకి గిన్నెలిస్తామని వీధిలో స్టీలు సామాన్లావిడ కేకేసింది. అంతే, లోవ కర్ర పెట్టి అటక మీది మూటలన్నీ కిందికి లాగేసి ఇచ్చేసింది. ఇచ్చి, ఏనుగు తలదూర్చి తాగేంత బిందె తీసుకుంది. ఆ మెరుపుకి తెల్లారిందనుకుని మిట్టమధ్యాహ్నం కోడి కూసిందంట. సాయంత్రం అత్త గుమ్మంలో కాలు పెడుతూనే, అమ్మాయ్, అటక మీద ఎర్ర మూటలో బొంతుంది, దింపవే అంది. "పుట్టిన బిడ్డని కొత్తగుడ్డ మీద పడుకోబెట్టకూడదు కదా. మూడు తరాల మెత్తటి బట్టలన్నీ ఏరి కుట్టాను. ఒక్క మూల మిగిలింది, మీ అమ్మ వచ్చేలోపు కుట్టేస్తాను." లోవ గుండె జారి ఆ బిందెలోనే పడింది. ఠంగుమని చప్పుడు కూడా వచ్చిందంట.

రేపు దింపుతాను అత్తా అంది. బిందె తీసుకెళ్లి పొట్టు బస్తాల వెనక దాచింది. మర్నాడు నడుం నొప్పంది. ఆ మర్నాడు అటక మీద తేలుందంది. ఆ మర్నాడు ఆ తేలు పిల్లలు పెట్టిందంది. సామాన్లావిడ ఎటెళ్లిందని అడగని మనిషి లేడు, చెప్పిన మనిషీ లేడు. కడుపులో బిడ్డ ఒకటి, బయట భయం ఒకటి, రెండూ మోస్తోంది పాపం.

నాలుగో రోజుకి వరహాలమ్మ దిగింది. సున్నుండలు తీసింది, అరటిపళ్లు తీసింది, సంచీ అడుగునుంచి ఓ బొంత తీసి పరిచింది. "మనవడి కోసం నలభై రోజులు కళ్లు పోగొట్టుకుని నేనే కుట్టాను వదినా" అంది. లోవ చూసింది. అదే బొంత. సామాన్లావిడ ఇక్కణ్ణించి నేరుగా వాళ్లూరే వెళ్లిందన్నమాట. ఇప్పుడు అత్త నాదంటే అమ్మ పరువు పోద్ది, అమ్మ ఎవరిదగ్గర కొన్నానో చెప్తే తన గుట్టు పోద్ది.

పేరంటాలు బొంతని ఒళ్లోకి తీసుకుని నిమిరింది. ఈ తెల్లముక్క ఎవరిది వదినా అంది. మా అత్తగారి చీరండీ అంది వరహాలమ్మ. "అలాగా. మా ఆయన పంచె ఇలాగే ఉండేది. ఇదిగో, ఇక్కడే చుట్టతో కాల్చుకున్నాడు. ఆ బొక్క మీద నేనూ ఇలాగే చిలకని కుట్టాను. మీ అత్తగారూ చుట్ట కాల్చేవారా?"

"ఎప్పుడన్నా, పండక్కి" అంది వరహాలమ్మ.

పేరంటాలు కోడలి వంక చూసింది. కోడలు నేల వంక చూసింది. "మూల మిగిలిపోయింది వదినా. మొదలెట్టిన చెయ్యే ముగించాలి, లేకపోతే బిడ్డకి మంచిది కాదు" అని సూదీ దారం వరహాలమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ పుట్టి సూది పట్టిన మనిషి కాదు. మూడు రోజులు కూర్చుంది, పది వేళ్లకీ పన్నెండు చోట్ల పొడుచుకుంది. లోవ పక్కన కూర్చుని దారం ఎక్కించింది. కుట్టు చూస్తే బురదలో కాకి నడిచినట్టుందనుకోండి. బండెక్కేటప్పుడు పేరంటాలు కోడలి చెవిలో, "పొట్టు బస్తాల వెనక బిందె కూడా పట్టుకెళ్లవే, పిల్లకి నీళ్లు కాచుకోవచ్చు. ఆ తేలుకీ దాని పిల్లలకీ నేను చెప్పుకుంటాలే" అంది.

ఆడపిల్ల పుట్టింది. బొంతంతా వెన్నలా ఉన్నా, పిల్లకి ఆ కాకికాళ్ల మూల పిడికిట్లో ఉంటేనే నిద్రంట. ఇదీ సంగతి. ఈ కథ మా అత్త నాకిచ్చింది, అప్పటికే వాడి వాడి నలిగిపోయుంది. చిరిగిన చోటల్లా నాలుగు అతుకులేసి మీకిచ్చాను. ఏ అతుకు నాదో అడక్కండి. కాకికాళ్లు మాత్రం నావి కావు.