తలంబ్రాల గింజ, నల్లబంతి

తాతబ్బాయి ఉన్నాడే, రైలింజను ఫైర్‌మన్, వరాలికి మేనమామ, ఆయన ఓటమంటే ఒప్పుకునే రకం కాదంట. ఇప్పుడంటే స్నూకరే బతుకుతెరువుగా ఆడేవాళ్లు కార్లేసుకుని మన రైలుపేట పోటీకొస్తన్నారు గానీ, మొట్టమొదటేడు ఆడింది మనోళ్లే, రైల్వే క్లబ్బులో. పచ్చగుడ్డ పరిచిన బల్ల, కర్రతో తెల్లబంతిని కొట్టి దాంతో రంగుబంతుల్ని అంచునున్న వలసంచుల్లో పడెయ్యాలి, అంతే అనుకో. ఏమైందంటే, ఆఖరాటకి మిగిలిందెవరు? తాతబ్బాయీ, వరాల్ని చేసుకోబోయే సత్తిపండూ. అదీ పెళ్లిరోజున. పొద్దున్నే అయిపోద్దిలే అనుకున్నారంట. అవుద్దా? ఇద్దరూ సమానంగా వచ్చి నల్లబంతొక్కటే మిగిలింది. అది పడేసినోడిదే గెలుపు. గురి తప్పితే అవతలోడికి చిక్కుద్దని ఇద్దరికీ భయమే, ఈయన ఈ మూలకి తోస్తే ఆయన ఆ మూలకి తోస్తాడు. బంతి పడకుండా బల్ల వదిలినోడు ఓడినట్టేనని ముందే కట్టడి చేసుకున్నారాయె.

అక్కడ పందిట్లో పంతులుగారు ముహూర్తం దాటిపోతందని గోల. పెళ్లికొడుకు లేడు సరే, పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకురావాల్సిన మేనమామా లేడాయె. వరాలికి ఒళ్లు మండి, బాసికంతోనే, పంతులుగార్నీ మేళాన్నీ వెంటేసుకుని క్లబ్బుకొచ్చేసింది. నువ్వైనా ఓడిపోవచ్చుగా అంటే, పెళ్లిరోజునే ఓడితే మీవాళ్లు నన్ను బతకనిస్తారా అన్నాడంట సత్తిపండు. మావయ్యనడిగితే, ఇవాళ అల్లుడికి లొంగితే ఇక జన్మంతా లొంగాలమ్మా అన్నాడంట. సరే పంతులుగారూ, పెళ్లి ఈ బల్ల దగ్గరే కానియ్యండి అంది పిల్ల. మావయ్య ఒక దెబ్బ కొట్టి, బుట్టెత్తుకుని బల్లచుట్టూ మోశాడు. సత్తిపండు ఒక దెబ్బ కొట్టి తాళి కట్టాడు. ఇక తలంబ్రాలు. వరాలు కసిదీరా పోసింది, సగం మొగుడి నెత్తిన, సగం బల్ల మీద. మళ్లీ వంతు మావయ్యది. ఎప్పట్లాగే నల్లబంతిని మూలన దాచబోయాడు. అది పోతాపోతా బియ్యపుగింజనెక్కి, పక్కకి తిరిగి, వలసంచీలో పడింది.

సత్తిపండు మొహం మాడిపోయిందంట. అంతలో వరాలు పడీపడీ నవ్వడం చూసి తనూ నవ్వేశాడు. మావయ్యా, నిన్ను గెలిపించింది మా ఆవిడే, మనింట్లో ఇక ఓటమి నీదీ కాదు నాదీ కాదు అన్నాడంట. ఎంత సంబరమనుకున్నారు, పెళ్లిభోజనం క్లబ్బు వరండాలోనే.

అప్పట్నించీ ఏటా ఆఖరాటకి ముందు బల్ల మీద గుప్పెడు తలంబ్రాలు చల్లి తుడిచేస్తారు. తుడిచేది వరాలే. ముసలిదైపోయింది కదా, చూపానక ఒకటీ అరా గింజ ఉండిపోద్దంట. సూదిలో దారం మాత్రం ఇప్పటికీ తనే ఎక్కించుకుంటది.