మానినవారి మంగళవారం

1989 ఆగస్టు ఒకటో తేదీ, మంగళవారం ఉదయం, మన ఆసుపత్రి శస్త్రచికిత్సా విభాగంలో స్టాఫ్ నర్సుగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుంచి, ఈ నెల ముప్పై ఒకటో తేదీన పదవీ విరమణ చేయబోతున్న నేటి వరకు, ముప్పై ఆరు సంవత్సరాల పాటు ఇతరుల గాయాలనే తమ దినచర్యగా చేసుకున్న మా హెడ్ సిస్టర్ గారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాసే అవకాశం నాకు దక్కింది. దక్కింది అనడం మర్యాద కోసం. నిజానికి ఈ వీడ్కోలు సభ సావనీరు కమిటీ వారు డాక్టర్లందరినీ అడిగి, అందరి చేతా తీరిక లేదనిపించుకొని, చివరికి గాయాల విభాగంలో రికార్డులు రాసే నా బల్ల దగ్గరకు వచ్చారు. "రెండు పేజీలు చాలండి, ఎవర్నీ ఏడిపించకండి" అని చెప్పి మరీ వెళ్లారు. పేజీల సంగతి చెప్పలేను గానీ, రెండో షరతుకు కట్టుబడి ఉండటానికి ప్రయత్నిస్తాను.

తొలి పదేళ్లు వారు వార్డులలో పనిచేశారు. ఆ కాలం నేను చూడలేదు కనుక వారి సర్వీసు పుస్తకమే నాకు ఆధారం. గాయాన్ని ఎండబెడితేనే మానుతుందని పెద్దలందరూ నమ్మిన రోజులవి. దూది, పట్టీ, ఎర్రమందు తప్ప మరొకటి లేని ఆ రోజుల్లో, ఎండి అతుక్కుపోయిన పట్టీని ఒక్క లాగుతో ఊడదీయడమే పద్ధతి. వారు మాత్రం ఉప్పునీటితో తడిపి, అది తనంతట తాను వదిలేదాకా పక్కన కూర్చునేవారట. ఈ ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ 1992లో ఇచ్చిన మెమో ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉంది. గాయం తడిగా ఉంటేనే కొత్త చర్మం త్వరగా పాకుతుందని తరవాతి కాలంలో అందరూ ఒప్పుకున్నారు గానీ, ఆ మెమోను వెనక్కి తీసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

1999లో నెలల తరబడి, సంవత్సరాల తరబడి మానని పుండ్ల కోసం ప్రత్యేకంగా ఒక గది కేటాయించినప్పుడు, ఆ వాసనకు భయపడి ఎవరూ ముందుకు రాని స్థితిలో, అడిగి మరీ అక్కడికి వచ్చినవారు వారు. గళ్లు గీసిన పారదర్శకమైన పలుచటి షీటును గాయం మీద పరిచి, పెన్నుతో దాని అంచు వెంబడే గీత గీసి, ఆ గీత లోపలి గళ్లు లెక్కపెట్టి, గాయం ఈ వారం ఎంత తగ్గిందో చెప్పే పద్ధతిని మన దగ్గర మొదలుపెట్టింది వారే. "కొలతల సిస్టర్" అన్న పేరు అలా వచ్చింది. రోగులు వారి ఎదుటే ఆ పేరుతో పిలిచేవారు. మేము మాత్రం చాటుగా పిలిచేవాళ్లం.

2003లో నేను ఆ గదికి బదిలీ అయ్యాను. నా గురించి ఒక మాట చెప్పుకోవాలి, లేకుంటే తరవాతి కథ అర్థం కాదు. నాకు గడులంటే ఇష్టం, మనుషులంటే కొంచెం బెరుకు. ఫారంలో ఖాళీ గడి కనిపిస్తే నా చేయి ఊరుకోదు. వచ్చిన ఏడాదికే, వరండాలో రద్దీ తగ్గించే సదుద్దేశంతో, గోడకు ఒక బోర్డు తగిలించాను. "గాయం మానినవారు తిరిగి రానవసరం లేదు" అని అందమైన అక్షరాలతో రాయించాను. అది చూసి సిస్టర్ గారు ఏమీ అనలేదు. వారు ఏమీ అనకపోవడాన్ని నేను మెప్పుగా తీసుకున్నాను.

తరవాతి దశాబ్దంలో ఆ గది రూపమే మారిపోయింది. కాలి పుండ్లకు పొరలు పొరలుగా బిగించే పట్టీలు, గాయంలోని చీమును మెల్లగా లాగేసే చిన్న యంత్రం, చివరికి రోగి సొంత రక్తం నుంచే తీసి, జిగురులా చేసి, పుండు మీద పూసే మందు వచ్చాయి. ఈ మందు మీద 2013లో మన దగ్గర పరిశీలన మొదలైనప్పుడు నలభై మంది రోగులను ఎంపిక చేశారు. వారిలో పదిహేడో నంబరు రోగి ఒక పెద్దాయన. వాచీలు బాగుచేసి బతికినవారు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, చూపు మందగించి దుకాణం కూడా మూసేశారు. చీలమండ పైన అరచేతి వెడల్పు పుండు, ఏడేళ్ల నాటిది. మేము ఆయన్ని వాచీల తాత అనేవాళ్లం.

ఆయన పుండు కొత్త మందుకు చక్కగా లొంగింది. ఎనిమిది వారాల్లో అరచేయంత పుండు రూపాయి బిళ్లంత అయింది, పదో వారానికి కందిగింజంత మిగిలింది. అక్కడ ఆగిపోయింది. ఒక మంగళవారం తగ్గేది, మరుసటి మంగళవారానికి మళ్లీ పచ్చిగా కనిపించేది. పెద్ద డాక్టర్ గారు విసిగిపోయారు. "పన్నెండో వారానికి మూసుకోకపోతే ఈయనకి మందు పనిచేయలేదని రాసేయండి. ఈయన్ని ఆపరేషన్ వైపు పంపిద్దాం. ఇలా తెరుచుకుంటూ పోతే ఏదో ఒక రోజు ఎముకకి పడుతుంది, అప్పుడిక కాలు దక్కదు" అన్నారు.

పదకొండో వారం మంగళవారం నాడు సిస్టర్ గారు గీసిన షీటును పట్టుకుని కిటికీ వెలుతురులో చాలాసేపు చూశారు. అప్పుడు నేను తెర అవతల గాయాల ఫొటోలు తీసే కెమెరా సర్దుకుంటున్నాను. నేనున్నానని వాళ్లిద్దరికీ తెలియదు.

"తాతా, పుండు మానేటప్పుడు గుండ్రంగా మానుద్ది. మళ్లీ తెరుచుకున్నా అంచులు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ఇదేంటి, స్కేలు పెట్టి గీసినట్టుంది?"

తాత కుర్చీ కిర్రుమంది.

"వాచీ ముళ్లు పట్టుకునే నీ చిమటాలన్నీ అమ్మేశావా, ఒకటన్నా దాచుకున్నావా?"

ఆయన గొంతు మెల్లగా వినిపించింది. "ఒకటి ఉంచుకున్నానమ్మా."

"దాంతో గిల్లుకుంటే నొప్పెయ్యదా?"

"నొప్పి మంగళవారం దాకానే కదా. ఇక్కడికొస్తే నువ్వు కాలు పట్టుకుని చూస్తావు, ఎలా ఉన్నావని అడుగుతావు. మానిందంటే రావద్దంటారుగా."

"ఎవరన్నారు రావద్దని?"

"బోర్డు మీద రాసుందిగా తల్లీ. చూపు తగ్గినా అంత పెద్ద అక్షరాలు కనపడకుండా పోతాయా?"

తెర వెనక నా పరిస్థితి ఏమిటో నేను వర్ణించను. ఆయన వెళ్లాక, తప్పు చేసినవాడికి వచ్చే అనవసరపు చురుకుదనంతో ఫైలు తెరిచి, "రోగి సహకరించడం లేదు" అన్న గడిలో టిక్కు పెట్టబోయాను. సిస్టర్ గారు ఫైలు మీద చేయి పెట్టారు.

"రాయండి. నేను దాచమనట్లేదు. కారణం కూడా రాయండి."

"కారణానికి గడి లేదు సిస్టర్."

"లేకపోతే గీయండి. గీతలు గీయడం మీకు రాదా ఏంటి?"

గీశాను. అందులో ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చున్నాను. వారే తీసుకుని "ఒంటరితనం" అని ఒక్క మాట రాసి, అదే కాగితం పట్టుకుని పెద్ద డాక్టర్ గారి గదిలోకి వెళ్లారు. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. అరగంట తరవాత బయటికి వచ్చి, స్టూలు వేసుకుని, వరండా గోడకున్న నా బోర్డును తమ చేతులతో తీసేశారు. ఆ మరుసటి వారం తాతకు చెప్పిన మాట ఇది: "చిమటా నాకిచ్చెయ్. మానినా రావచ్చు. మానినవాళ్ల కోసమే వారంలో ఒక పూట కేటాయిస్తున్నాను. కానీ మానితేనే రానిస్తాను."

మానిన కాలి పుండ్లు అశ్రద్ధ చేస్తే మళ్లీ తిరగబెట్టడం మామూలే కనుక, మానినవారిని వారానికోసారి పిలిచి, కాళ్లు పరీక్షించి, బిగుతు మేజోళ్లు సరిగా వేసుకుంటున్నారో లేదో చూడటం వైద్యపరంగా కూడా సబబేనని డాక్టర్ గారు ఆమోదించారు. ప్రతి మంగళవారం పది నుంచి పన్నెండు వరకు, కిటికీ పక్కన ఎనిమిది కుర్చీలు, ఒక టీ ఫ్లాస్కు, ఒక రిజిస్టరు. పేరు, గాయం ఉన్న చోటు, మానిన తేదీ, మళ్లీ రావలసిన రోజు అని నాలుగు గడులు నేనే గీసి ఇచ్చాను. పరిశీలన గడువు దాటిన మూడో వారానికి తాత పుండు మూసుకుంది. ఆనాటి షీటు మీద సిస్టర్ గారు తేదీ వేసి, గీత ఏదీ లేకుండానే ఫైలుకు కుట్టారు. "ఖాళీ కాగితం ఎందుకు సిస్టర్?" అంటే, "దాని కోసమే కదండీ ఇంత పాటు" అన్నారు. మళ్లీ పుండు పడి వచ్చేవారి సంఖ్య రెండేళ్లలో సగానికి తగ్గినట్లు నా రికార్డులే సాక్ష్యం.

వాచీల తాత నాలుగేళ్ల పాటు ఒక్క మంగళవారం కూడా తప్పలేదు. మా గోడ గడియారాన్ని చూపు ఆనకపోయినా చెవితో విని బాగుచేసి పెట్టారు. ఎవరైనా రాకపోతే పన్నెండు గంటలకు సిస్టర్ గారు ఫోన్ చేసి, "ఏంటి, ఇవాళ మా మొహాలు చూడబుద్ధి కాలేదా?" అని అడిగేవారు. తాత రాని మంగళవారం నాడు కూడా చేశారు. ఎంతసేపు మోగినా అటు నుంచి ఎవరూ ఎత్తలేదు. రెండు కాళ్లతో, పుండు లేని చర్మంతో, నిద్రలోనే వెళ్లిపోయారని సాయంత్రానికి తెలిసింది. సిస్టర్ గారు ఆ రోజు కుర్చీలు సర్దకుండానే ఇంటికి వెళ్లారు. అంతకు ముందు గానీ ఆ తరవాత గానీ అలా జరగడం నేను చూడలేదు.

ఇక్కడ నేను చేసిన రెండో పొరపాటు చెప్పాలి. సెలవు రోజుల్లో కూడా వారు వచ్చి కట్లు కట్టేవారు. భోజనం కూడా, పరికరాలు ఉడికించే గదిలో ఒక్కరే కూర్చుని చేసేవారు. సాయంత్రం అందరూ వెళ్లాక చివరి బస్సుకు బయలుదేరేవారు. దీనికి ముచ్చటపడి, 2018లో వారికి అందజేసిన ప్రశంసాపత్రంలో "అనన్యసామాన్యమైన సేవానిరతి" అని రాసింది నేనే. భర్త గతించిన ఆ ఇంట్లో వారు పద్దెనిమిదేళ్లుగా ఒక్కరే ఉంటున్నారని, నేడు ఈ సభకు విచ్చేస్తున్న వారి తమ్ముడి కుమార్తె మొన్న ఫోన్‌లో చెబితే తెలిసింది. "సెలవంటే మా అత్తయ్యకి భయమండీ" అంది ఆ అమ్మాయి. ఇరవై రెండేళ్లు పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఐదు గంటల తరవాత మీరు ఎవరి దగ్గరకు వెళతారు సిస్టర్ అని ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరో ముసలాయన ఒంటరితనాన్ని ఒక గీత వంపులో పట్టుకున్న మనిషికి, ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఆలోచించలేదు. ఇందుకు సిగ్గుపడుతున్నాను. సావనీరులో ఇలాంటి మాటలు రాయకూడదని తెలిసే రాస్తున్నాను.

గత శుక్రవారం, బాధ్యతల అప్పగింతలో భాగంగా, మంగళవారం రిజిస్టరు సరిచూసే పని నాకు పడింది. నలభై మంది పేర్లు ఉన్నాయి. నలభై ఒకటో వరసలో సిస్టర్ గారి గుండ్రటి దస్తూరి కనిపించింది. పేరున్న గడిలో వారి పేరే ఉంది. గాయం ఉన్న చోటు అన్న గడిలో చిన్న అడ్డగీత ఉంది. మళ్లీ రావలసిన రోజు గడిలో ఆగస్టు ఐదు, మంగళవారం. మానిన తేదీ దగ్గర ఏమీ రాయలేదు.

మానితేనే రానిస్తానన్నది వారు పెట్టిన నియమమే. ఆ నియమం ప్రకారం ఆ వరస చెల్లదు. ఖాళీ గడి కనిపిస్తే ఊరుకోని నేను దాన్ని అలాగే ఉంచి, కింద సంతకం చేశాను.

సిస్టర్ గారూ, పదవిలో ఉన్నన్నాళ్లూ ఎందరి గాయాలనో కొలిచి మాన్పిన మీరు, ఇకపై ఆయురారోగ్యాలతో, చిరకాలం చల్లగా, హాయిగా ఉండాలని మా విభాగంలోని యావన్మందిమీ మనసారా కోరుకుంటున్నాము. కిటికీ పక్క కుర్చీ మీది. టీలో చక్కెర ఎంత వేయాలో నాకు తెలియదు, అడిగి తెలుసుకుంటాను. ఏ మంగళవారమైనా పన్నెండయ్యేసరికి మీరు కనిపించకపోతే ఫోన్ మోగుతుంది. చేసేది నేనే. దయచేసి ఎత్తండి.