కనబడని నరం

కెనడాలో విన్నిపెగ్ సరస్సు ఒడ్డున చిన్న ఆసుపత్రి. చేపలు పట్టే ఎయినార్ చొక్కా పైకెత్తుకుని మంచం మీద పడుకున్నాడు. స్కానింగ్ చేసే లిల్యా అతని పొట్ట మీద జెల్లు రాస్తోంది.

“మళ్లీ తినేసి వచ్చావు కదూ, ఎయినార్ బాబాయ్?”

“లేదమ్మాయ్.”

“మీసం మీద తెల్లగా ఏంటది?”

“మంచేమో.”

“జూన్ నెల్లోనా?”

“...పంచదార పొడి చల్లిన డోనట్టు ఒక్కటి. చిన్నది.”

“పోయినసారి పాన్‌కేకులు. అంతకుముందు బీన్సు. పొట్ట నిండా గాలే. కాలేయంలోకి రక్తం తీసుకుపోయే నరం మూసుకుపోయిందో లేదో నేనెలా చూడను?”

“చూడకపోతే?”

“ఆపరేషన్‌కి తేదీ ఇవ్వరు. అవతల నీ చెల్లెలు సిగ్రున్ తన కాలేయం ముక్క ఇస్తానని కూర్చుంది.”

“కూర్చోనీ.”

“పక్కకి తిరుగు.”

“నడుం నొప్పి.”

“ప్రతిసారీ ఇదే పాట. ఈసారి కుదరదు, తిరుగు. చెయ్యి తలకింద పెట్టుకో. ఊపిరి బిగబట్టు.”

“అబ్బా, చల్లగా ఉంది!”

“జనవరిలో గడ్డకట్టిన సరస్సుకి కన్నం పెట్టి వలలేసే మనిషివి, నీకు జెల్లు చల్లగా ఉందా? మాట్లాడకు.”

“నువ్వే మాట్లాడిస్తున్నావు.”

“సరే, వదులు. నిజం చెప్పు. మర్చిపోయి తిన్నావా, కావాలని తిన్నావా?”

“ఊపిరి బిగబట్టమన్నావుగా.”

“వదలమన్నాను.”

“...సిగ్రున్‌కి ఇద్దరు చంటిపిల్లలు.”

“తెలుసు.”

“తాగి చెడగొట్టుకున్నది నేను. దాని పొట్ట కొయ్యడమేంటి? నరం మూసుకుపోయిందని రాసెయ్. అప్పుడు దాని ముక్క నాకు పనికిరాదంటారట.”

“రాసేది డాక్టరు. నేను బొమ్మలు తీస్తానంతే.”

“బొమ్మ పడదుగా. గాలి.”

“ముందు నుంచి చూస్తే పడదు. పక్కటెముకల సందులోంచి చూస్తే గాలి అడ్డం రాదు. ఇంతసేపు నిన్ను మాటల్లో పెట్టింది ఎందుకనుకున్నావు?”

“దొంగపిల్లా... కనబడిందా?”

“కనబడింది.”

“మూసుకుపోయిందా?”

“నేను చెప్పకూడదు.”

“లిల్యా. రక్తం పారుతోందా?”

“చెప్పకూడదన్నానా? అయినా నీకెందుకంత కంగారు? మూసుకుపోవాలనేగా నీ కోరిక? అదేంటి బాబాయ్, అలా లేస్తున్నావు?”

“ఆ తెర కాస్త ఇటు తిప్పు తల్లీ. పారుతూ ఉంటే బాగుండు.”