నూనె రాసిన తాడు

మబ్బులోయ అంచున, తాళ్ళ వంతెన మొదట్లో, వంతెన అల్లే ముసలామె గది. దేశాలు తిరిగి తీర్పులు చెప్పే న్యాయాధికారిణి గుమ్మం ముందు నిలబడింది. మిట్టమధ్యాహ్నానికి ఆమె అవతలి ఊళ్ళో ఉండాలి.

"ఒకటి, రెండు, మూడు... చాల్లే అమ్మా! బురద కాళ్ళకుంటే కాళ్ళు దులుపుకో. కర్రతో గడపని బాదుతావేం?"

"అలవాటు పెద్దమ్మా. లోపలికి రావచ్చా?"

"బాదాల్సిందంతా బాది ఇప్పుడడుగుతున్నావా? రా. ఆ ముక్కాలిపీట మీద కూర్చో. అటు కాదు, తాళ్ళవైపు కాదు. ఇటు."

"నేనెవరో అడగవేం?"

"నల్లకోటు, నల్లకర్ర, వెనక ఒక్క కాపలావాడు కూడా లేని పొగరు. తీర్పులమ్మవి. వారం నుంచీ ఊరంతా నీ గోలే. మీరూ గీరూ అనడం మా నోటికి రాదు, ముందే చెబుతున్నా."

"నువ్వనే అను."

"అనక? ఆ కర్రకి గుడ్డేంటి, మెడకి గుడ్డ చుట్టినట్టు? దానికీ చలేనా?"

"పిడి జారుతోంది, అందుకని."

"పొద్దున కత్తులు నూరేవాడొకడు దాటాడు. వాడి చేతిలోనూ ఇలాంటి నల్లకర్రే."

"మావైపు ఆ చెట్లు ఎక్కువ. వాణ్ణి దాటనిచ్చావా?"

"దాటనివ్వడానికి నేనెవర్ని? వంతెన మొదట నిలబడి, 'కత్తులు నూరడానికొచ్చాను' అన్నాడు. నిజం కాబట్టి వంతెన మోసింది. నువ్వూ అంతే. ఎందుకొచ్చావో ఒక్క మాట చెప్పు, నడు. నిజమైతే అవతల ఉంటావు."

"అబద్ధమైతే?"

"మబ్బులో ఉంటావు."

"నాకు ముందొచ్చిన న్యాయాధికారి ఏం మాట చెప్పాడు?"

"'న్యాయం చెయ్యడానికొచ్చాను' అన్నాడు."

"అది అబద్ధమా?"

"సగం దూరం మోసింది మరి. సగం అబద్ధమేమో."

"నవ్వొస్తోందా పెద్దమ్మా?"

"నవ్వక? మీ చట్టం మా సరిహద్దుకి రెండుసార్లొచ్చింది తల్లీ. ఒకసారి మా కుర్రాళ్ళని యుద్ధానికి తోలుకుపోవడానికి. ఇంకోసారి వాళ్ళు చచ్చారని చెప్పిపోవడానికి. మూడోసారి కోటు తొడుక్కొచ్చి న్యాయం అంటే, వంతెన దాకా ఎందుకు, నేనే విదిల్చేద్దును."

"విదిల్చావా?"

"ఏంటి?"

"ఆయన్ని నువ్వు విదిల్చావా అని."

"మాటవరసకన్నా. నీళ్ళు తాగుతావా?"

"వద్దు. మీ ఊరి పెద్దాయన మొదట మాకేం కబురు పంపాడో తెలుసా? వంతెనే విదిల్చిందన్నాడు. మా రౌతులొచ్చి గట్టిగా అడిగేసరికి మాట మార్చాడు. వంతెనమనిషి కూతురు తాడు కోసింది, ఇవాళ మధ్యాహ్నం దాన్ని వంతెన మీద నడిపిస్తాం, వచ్చి చూసుకోండి అన్నాడు. నీ కూతురే కదా?"

"నా కూతురే."

"కోసిందా?"

"కొయ్యలేదు. ఆయన పెట్టె మోసుకుని వెనక నడిచింది, అంతే. పడబోతుంటే పట్టుకోబోయింది కూడా, పిచ్చిది."

"ఇప్పుడెక్కడుంది?"

"పెద్దాయన పెరట్లో. ఊరంతా అక్కడే ఉంది, తమాషా చూడ్డానికి."

"ఈ ఇంట్లో ఉండేది మీరిద్దరే కదా?"

"ఇద్దరమే."

"గోడకి మూడు కంచాలున్నాయి."

"నీకు కళ్ళు బాగానే పనిచేస్తాయే! మూడోది అల్లుడిది."

"పోయాడా?"

"పోయాడు."

"చనిపోయాడా అని."

"పోయాడంటే పోయాడు. దిగువదేశం పనికి పోయాడు. నాలుగేళ్ళయింది. ఆ పిచ్చిది రోజూ కంచం వేసి అన్నం పెడుతుంది, ఏ పూటకి వస్తాడో అని. రాత్రికి నేను తీసి కడుగుతా. చాలా? ఇంకా మా ఇంట్లో చెంచాలు లెక్కపెడతావా?"

"కోపం దేనికి? ఒక్క సంగతి చెప్పు, పని తెలిసినదానివి కాబట్టి అడుగుతున్నా. తాడు కోస్తే కొస ఎలా ఉంటుంది?"

"నున్నగా, చదునుగా."

"తెగితే?"

"పీచు లేస్తుంది. ఏం, తాళ్ళ పని నేర్చుకుంటావా?"

"ఇది పట్టుకో. చనిపోయినాయన మణికట్టుకి చుట్టుకుని వచ్చింది. అవతలి కొస తెగింది, పీచు లేచింది. ఈ కొస చూడు."

"ఎక్కడిది? ఇది... ఎక్కడిదిది? మబ్బులో పడ్డవాళ్ళు దొరకరు."

"మీకు దొరకరు. మీ లోయలో ఉన్న మబ్బు నిలవుండేది కాదు పెద్దమ్మా, పారుతుంది. పడ్డవాళ్ళని మోసుకుంటూ ఆరోనాటికి మా రేవులో ఒడ్డున పడుకోబెట్టి పోతుంది. ముఖం కూడా చెదరదు."

"...అందర్నీనా?"

"అందర్నీ."

"పిచ్చిమాటలు! మబ్బు మింగేస్తుంది. మా అమ్మమ్మ నాటి నుంచీ మింగుతోంది."

"తాడు సంగతి చెప్పు. కోసిందా, తెగిందా?"

"...రెండూ కాదు."

"కొస విడకుండా నువ్వు చుట్టిన కట్టు అలాగే ఉంది. అంటే జారింది. వేలితో రాసి చూడు."

"చూడక్కర్లేదు."

"జిడ్డు. ఈ గదిలో తొమ్మిది గుంజలు, తొమ్మిది తాళ్ళు. ఎనిమిదింటికి తారు పూశావు. కిటికీ పక్క దానికి నూనె. వంతెన తాడుకి నూనెందుకు?"

"ఎండిపోతుందని."

"ఆ ఎనిమిదీ ఎండవా?"

"చూడమ్మా, నా పని నాకు నేర్పకు!"

"నేర్పడం లేదు, అడుగుతున్నా. ముడి ఈ గదిలో ఉంది. లాగితే చేతిపట్టు జారిపోతుంది, మనిషి పక్కకి ఒరుగుతాడు. బయట ఊరంతా, అబద్ధమాడాడు, వంతెన విదిల్చింది అంటుంది. అంతేనా పెద్దమ్మా?"

"అంతే అయితే ఏం చేస్తావ్? తీర్పు రాస్తావు. ముద్ర గుద్దుతావు. గుర్రమెక్కి పోతావు. మేం ఇక్కడే పడి ఉండాలి. పెద్దాయనా ఇక్కడే ఉంటాడు. నీ కాగితం మా తలుపుకి గడియవుతుందా?"

"మధ్యాహ్నం నీ కూతురు వంతెనెక్కితే తాడు దగ్గర ఉండేదెవరు?"

"నేనే."

"మరి నువ్వు వదలవు. అది దాటేస్తుంది. ఇంకా కొంగెందుకలా బిగించి కప్పుకుంటున్నావు?"

"చలి."

"ఎండ నీ ఒళ్ళో పడుతోంది."

"నువ్వు పో! వెనక్కి పో, ఇప్పుడే పో. గుర్రం కుంటిదైందని చెప్పు, జ్వరమొచ్చిందని చెప్పు..."

"పోతే?"

"పోతే నేను నిన్ను... పోతే ఇద్దరమూ బతుకుతాం."

"పోకపోతే?"

"నువ్వు అవతల కాలు పెడితే నా కూతురు ఆ పెరట్లోంచి బయటికి రాదు. వంతెన దాకా కూడా రానివ్వరు. వింటున్నావా? ముడి సగం విప్పే ఉంచాను. నువ్వు గడప బాదుతున్నావే, అప్పుడు విప్పుతున్నా."

"ఎవరు విప్పమన్నారు?"

"తెలిసీ అడుగుతావేం?"

"నీ నోటితో చెప్పు. గట్టిగా."

"గట్టిగా ఎందుకు? ఉన్నది మనిద్దరమే."

"నాకు ఒక చెవి సరిగా వినపడదు."

"పెద్దాయన! మేడలో ఉండే పెద్దాయన! చాలా? మా అమ్మకి ఈయన నాన్న చెప్పేవాడు, నాకు ఈయన చెబుతాడు. మేడ మీద ఎర్రదుప్పటి ఆరేస్తే ఆ పూట వంతెనెక్కినవాడు అబద్ధాలకోరు. దుప్పటి లేకపోతే హంతకుడైనా సత్యవంతుడే. అదీ మా వంతెన, అదీ మా సత్యం! ఊరు ఊరంతా దానికి దణ్ణం పెట్టి దాటుతుంది."

"నువ్వు పెట్టవా?"

"నేనొక్కసారి కూడా దాటలేదు."

"ఎంతమందిని వదిలావు?"

"అడక్కు."

"మా రేవుకి నలుగురొచ్చారు."

"...నలుగురే. పశువులు కాసేవాడొకడు. నా దూడ పెద్దాయన కొట్టంలో ఉందన్నాడు. ఉంది కూడా. తర్వాత మంత్రసాని. మేడలో పుట్టిన బిడ్డ ఎవరి పోలికో దానికి తెలుసు. తర్వాత మీ న్యాయాధికారి."

"ముగ్గురయ్యారు."

"అంతే."

"నలుగురన్నావు."

"తప్పు చెప్పా. ముసలిదాన్ని."

"మంత్రసాని తర్వాత, మా న్యాయాధికారికి ముందు, మా రేవుకి ఇంకొకడొచ్చాడు. పడుచువాడు. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. నేనే దగ్గరుండి పూడ్పించాను. నడుముకి తాళ్ళు అల్లే సూది ఉంది, ఎముకది. నా దగ్గరే ఉంది, చూస్తావా?"

"వద్దు."

"బాగా అరిగిన సూది..."

"వద్దన్నానా! తియ్యకు. ఎర్రదారం... దారం ఇంకా ఉందా దానికి?"

"నేను దారం మాట అనలేదు. దుప్పటి ఆరేశారా ఆ రోజు?"

"నీకేం పని?"

"ఆరేశారా?"

"తెల్లవారుజాము. మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, దుప్పటెక్కడ కనపడుతుంది? ఆరెయ్యలేదు. ఎవరూ చెప్పలేదు. ముందురోజు సాయంత్రం నూనె చూశాడు వాడు. నీలాగే. చూడ్డం నేర్పింది నేనే కదా! 'అత్తా, ఈ తాడు ఊళ్ళో చూపిద్దాం, నువ్వూ రా' అన్నాడు. నువ్వూ రా అన్నాడు తల్లీ. రానన్నా. అయితే నేనే చెప్పొస్తానని పొద్దున్నే చద్ది కట్టుకుని బయల్దేరాడు. చెబితే పెద్దాయన మమ్మల్ని ముగ్గుర్నీ... మా అమ్మ పేరు, నా పేరు... నేనేం ఆలోచించలేదు. చెయ్యే వెళ్ళిపోయింది ముడి మీదికి."

"మాట చెప్పాడా వంతెన మొదట?"

"'నిజం చెప్పడానికి పోతున్నాను' అన్నాడు. గట్టిగా కూడా అన్నాడు, నాకు వినపడాలని."

"పెద్దమ్మా, ఈ మాటలు కోర్టులో చెబుతావా?"

"చస్తే చెప్పను! నా కూతురు చెవిన పడితే అది బతుకుతుందా? నీతో చెప్పానంటే, నువ్విక దాటవని చెప్పా. వెనక్కి పోతావని. నువ్వూ ఆడదానివని."

"నేను దాటను. కానీ నువ్వు కోర్టులోనే చెప్పావు."

"ఏంటి?"

"గడప మీద మూడు దెబ్బలు కొట్టాను. నువ్వే లెక్కపెట్టావు కూడా. మా చట్టంలో కోర్టు తెరవడమంటే అదే. న్యాయాధికారి కూర్చున్నదే పీఠం. నువ్వే వేశావు ముక్కాలిపీట."

"దొంగతనం! దొంగముండా, ఇది దొంగతనం!"

"అవును."

"అవునంటావా పైగా!"

"ముందు చెబితే నోరు విప్పేదానివా? కూతురు బతకాలంటే ఊరంతా ఆ పెరట్లో ఉన్నప్పుడే ఈ మాట ఊరు వినాలి. అప్పుడు పెద్దాయన మనుషులు కూడా ఆలోచిస్తారు. వాళ్ళలో పశువులకాపరి తమ్ముడున్నాడు, మంత్రసాని చేతిలో పుట్టినవాళ్ళున్నారు."

"ఊరెలా వింటుంది? అక్కడికీ ఇక్కడికీ మధ్య ఇంత లోయుంది!"

"ఈ కర్ర ఒక కొమ్మలో సగం. ఒక సగం దగ్గర ఏమంటే రెండో సగం అదే పలుకుతుంది. ఆ రెండోది కత్తులు నూరేవాడి చేతిలో ఉంది. వాడు నా గుమస్తా."

"...కత్తులు నూరడానికొచ్చానన్నాడే!"

"నూరుతూనే ఉన్నాడు. పెద్దాయన పెరట్లో, అందరి మధ్యా కూర్చుని."

"అంటే నేనన్నదంతా..."

"గడప దగ్గర్నించీ. వాళ్ళ గోల నీకు వినపడకుండా పిడికి గుడ్డ కట్టాను. ఇదిగో విప్పుతున్నా. చెవి పెట్టు."

"తియ్... తియ్యవే నా దగ్గర్నించి!"

"నీ కూతురు ఉందో లేదో తెలుసుకోవా?"

"...అరుపులు. తలుపులు బాదుతున్నారు. పెద్దాయన్ని ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు, ఏకవచనంలో. వాళ్ళే, ఆయన మనుషులే! దుప్పటి దింపండి అంటున్నారు. అమ్మో... దింపారు, చింపుతున్నారు!"

"కూతురు?"

"తెలీదు. ఆగు. ఉండు, మాట్లాడకు. గోల తగ్గింది. ఎవరో కర్ర దగ్గరికొచ్చారు. ఊపిరి వినిపిస్తోంది... ఇది దానిదే, చిన్నప్పట్నుంచీ ఇలాగే పీలుస్తుంది. బతికే ఉంది! తల్లీ, నా బంగారం, నిన్ను వదిలేశారా? ఏమన్నా అను. నీ అమ్మనే. ఒక్క మాట అను!"

"అమ్మా... రోజూ రాత్రి ఆ మూడో కంచం ఎలా కడిగావమ్మా?"