ఇనుము ఖరీదు రాయని ఇనప షెడ్డు

నా పేరు గొర్లె తవిటయ్య. తండ్రి అప్పలస్వామి, చనిపోయాడు. వయసు అరవై రెండు. పుట్టింది శ్రీకాకుళం పక్క పల్లె. పదహారో ఏట ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ షాపులో చేరాను. ఇనప రేకులు అతికే రివెట్లు కొట్టేవాణ్ణి. రిటైరై ఏడేళ్ళయింది. తాల్‌బగీచాలో సొంత పెంకుటింట్లో కొడుకు, కోడలు, ముగ్గురు మనవలతో ఉంటున్నాను. మూడో తరగతి వరకు చదివాను, సంతకం వచ్చు. ఈరోజు 1961 మార్చి 25, శనివారం. టౌను పోలీసు స్టేషనులో దారోగా బాబు, అంటే ఎస్సై గారు, అడిగినదానికి తెలుగులో చెబుతున్నాను. రాస్తున్నది కానిస్టేబులు జ్ఞానప్రకాశం. ఇతని రాత కోడి గెలికినట్టుంది. ఆ మాట రాయక్కర్లేదన్నాడు. రాయమన్నాను.

నా మీద ఫిర్యాదు ఇచ్చినది మలంచాలో ఉండే వరాహనరసింహం గారు, రైల్వే లెక్కల ఆఫీసులో గుమాస్తా. గారు అని జ్ఞానప్రకాశం రాస్తున్నాడు, నేను అనలేదు. కారు షెడ్డు కడతానని నేను డబ్బు తీసుకున్నానట, నా కొడుకు వెంకటరావు చేత వర్క్‌షాపు ఇనుము దొంగతనంగా తెప్పించబోయానట. అదీ ఫిర్యాదు. వెంకటరావు బాయిలర్ షాపులోనే ఫిట్టరు. గురువారం నుంచి అతన్ని పనిలోంచి నిలిపేశారు. ఇది రుజువైతే ఉద్యోగం పోతుంది. మా ఇంటికి వచ్చే జీతం అదొక్కటే.

వరాహనరసింహం గారికీ నాకూ పడదు. ఆయన కిందటేడు ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక గార్డు దొర దగ్గర చిన్న ఆస్టిన్ కారు కొన్నారు. మంచు తగులుతుందని దానికి దుప్పటి కప్పేవారు. నేను అటు వెళ్ళినప్పుడల్లా "బాలింతకి ఎలాగుంది బాబూ" అని అడిగేవాణ్ణి. ఆయనకి అది గిట్టేది కాదు.

ఆ కారుకి ఇనప రేకుల షెడ్డు కట్టడానికి ఝపటాపూర్ కంట్రాక్టరు సూసన్న పదకొండు వందలు చెప్పాడు. వరాహనరసింహం గారికి అది మరీ ఎక్కువనిపించింది. ఫిబ్రవరి 19, ఆదివారం నన్ను పిలిపించారు. గిట్టనివాణ్ణి పిలిచారంటే చవగ్గా అవుతుందనే. నేనూ ఆయన మీద ప్రేమతో వెళ్ళలేదు. సూసన్న కంటే మొనగాణ్ణనిపించుకోవాలని వెళ్ళాను.

వరండా గచ్చు మీద సుద్దతో లెక్క వేశాను. ఎడమవైపు షెడ్డు బొమ్మ గీసి, ఎన్ని రేకులు, ఎన్ని యాంగిల్ బద్దలు, ఎన్ని రివెట్లు కావాలో రాశాను. కుడివైపు ఖర్చు రాశాను. సిమెంటు, ఇటిక, ఇసుక, తాపీ మేస్త్రి, ఇద్దరు కూలీలు, రివెట్లు కాల్చడానికి బొగ్గు, ఎర్ర రంగు, తాళం, పనివాళ్ళకి టీ. వరాహనరసింహం గారు కళ్ళద్దాలు పెట్టుకుని గొంతుక్కూర్చుని రెండుసార్లు కూడారు. భార్య దుర్గాంబ గారు లోపల్నుంచి "టీ ఎక్కువ వేసినట్టున్నాడు, చూడండి" అన్నారు. టీలో రెండు రూపాయలు కోసి మొత్తం మూడు వందల పన్నెండు చేశారు. "ఠీక్ హై" అన్నారు. సగం డబ్బు ఇచ్చారు. మర్నాడు ఆఫీసులో సూసన్న లెక్కా నా లెక్కా చెప్పి అందరినీ నవ్వించారని విన్నాను.

మార్చి 19, ఆదివారానికి గచ్చు అయింది, స్తంభాలకి గోతులు తవ్వాం. ఉదయం పది గంటలకి ఆయన ఆఫీసు స్నేహితులిద్దరిని చూడ్డానికి తీసుకొచ్చారు. సూసన్న కూడా సైకిలు ఆనుకుని రోడ్డు మీద నిలబడ్డాడు.

"రేకులు ఎప్పుడొస్తాయి తవిటయ్యా?" అన్నారు వరాహనరసింహం గారు.

"తమరు ఎప్పుడు తెప్పిస్తే అప్పుడొస్తాయి బాబూ."

"నేను తెప్పించడమేమిటి? నీ లెక్కలో ఉన్నాయిగా."

నేను లెక్క మనసులో మళ్ళీ చెప్పుకున్నాను. సిమెంటు ఉంది. బొగ్గు ఉంది. టీ ఉంది. ఇనుము లేదు.

ఎందుకు లేదో చెబుతాను. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఫోర్‌మన్ కబురు పెడితే స్టోర్సు నుంచి ఖలాసీలు ఇనుము తోసుకొచ్చి నా ముందు పడేసేవారు. ఎంత మందం, ఎన్ని బెజ్జాలు అని అడిగాను. ఎంతకి కొన్నారని ఏనాడూ అడగలేదు. నా ఇంటికి పెంకులు. పెనమూ బాల్టీ, బతికున్నప్పుడు నా భార్య కొనేది. ఇనుము కొనాలన్న సంగతే నాకు తట్టలేదు.

"ఏటి తాతా, ఇనుం మబ్బులోంచి రాల్తాదేటి?" అన్నాడు సూసన్న.

అందరూ నా వైపు చూశారు. నాకు తెలీదని అంటే సరిపోయేది. ఆ మాట నా నోటికి రాలేదు. ఇలా అన్నాను:

"మా ఎంకట్రావు లేడేటి? రోజుకో రేకు సొక్కా కింద సుట్టుకొని తెచ్చేత్తాడు. గేటుకాడ ఓలైనా అడిగితే కడుపు ఉబ్బరించినాదని సెప్తాడు."

అందరూ నవ్వారు. వరాహనరసింహం గారు నవ్వలేదు. "అంటే నా ఇంట్లో దొంగ ఇనుముతో షెడ్డు కడతావా?" అన్నారు.

"బాలింతకి కప్పీదానికి దొంగదైతే ఏటి, దొరదైతే ఏటి బాబూ" అన్నాను.

ఆయన నా చొక్కా పట్టుకున్నారు. నేను ఆయన కళ్ళద్దాలు లాగి గోతిలో వేశాను. అది ఒప్పుకుంటున్నాను. అద్దం పగల్లేదు. ఆయన గోతిలోకి దిగి వెతుక్కుంటూ, "నీ కొడుకు ఉద్యోగం ఎలా ఉంటుందో చూస్తాను" అన్నారు.

బుధవారం పోలీసులు మా ఇల్లు సోదా చేశారు. దొరికిన ఇనుము ఒక అట్ల పెనం, ఒక కత్తిపీట, ఒక బాల్టీ. పెనం వెనక్కి తిప్పి రైల్వే ముద్ర కోసం చూశారు. మసి తప్ప ఏమీ లేదు. వాళ్ళు వెళ్ళాక నా కోడలు చిట్టెమ్మ, "నీ నోటికి రివిట్టు కొట్టీవోడు లేకపోనాడు మావా" అంది. వెంకటరావు అన్నం ముందు నుంచి లేచిపోతూ, "ఊరందర్నీ నవ్వించినావు కదా. ఇంక ఆ నవ్వే వండి పెట్టు మాకు" అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఇప్పుడు బయట బల్ల మీద కూర్చున్నాడు, నాకు వీపు పెట్టి.

నేను చెప్పేది ఇది. చొక్కా కింద రేకు అన్నది వేళాకోళం. ఎనిమిది అడుగుల రేకు ఎవరి చొక్కా కిందా పట్టదు. వెంకటరావు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. నేను ఇనుము ఖరీదు రాయనిది దొంగ ఇనుము తేవాలని కాదు. నాకు ఖరీదు తెలీదు.

ఇక్కడే కుర్చీలో ఉన్న వరాహనరసింహం గారు అడ్డుపడ్డారు. "బతుకంతా ఇనుములో పనిచేసి ఖరీదు తెలీదంటే ఎవరు నమ్ముతారు? ముసలాడు నాటకమాడుతున్నాడు" అన్నారు.

"తమరు లెక్కలోళ్ళు బాబూ. రెండు పాల్లు కూడినారు. టీలో రెండ్రూపాయలు కోసినారు. ఇనుం ఏదని ఒక్కపాలైనా అడిగినారేటి? నాకు ఎరక్క రాయనేదు. తమరు ఎందుకు అడగనేదు?" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. అదీ రాయమన్నాను.

అప్పుడు దారోగా బాబు, పోయినేడు తన వంటింటికి రేకులు వేయించానని చెప్పి, "ఎనిమిదడుగుల రేకు ఒకటి ఎంతుంటుంది దాదూ? చెప్పు" అని అడిగారు. దాదూ అంటే బెంగాలీలో తాత.

నేను ఆలోచించాను. పెనం రూపాయిన్నర అని చిట్టెమ్మ చెప్పగా విన్నాను. రేకు పెనం కంటే పెద్దదే గానీ బాగా పల్చన. అందుకని రెండు రూపాయలు అన్నాను. దారోగా బాబు ముఖం చూసి, రెండుంపావు అన్నాను.

దారోగా బాబు బల్ల గుద్ది నవ్వారు. జ్ఞానప్రకాశం కలం కింద పెట్టి నవ్వాడు. "ఆ ధరకి నాకో ఇరవై ఇప్పించు దాదూ" అన్నారు దారోగా బాబు. గుమ్మం దగ్గర సెంట్రీకి బెంగాలీలో చెబితే వాడూ నవ్వాడు. నా చెవులు కాలిపోయాయి. ఆఖరికి వరాహనరసింహం గారు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నా ఆగలేక, భుజాలు కదిలేలా నవ్వారు.

నవ్వారంటే నాకు తెలీదని నమ్మినట్టే. అందుకని ఎవరెవరు నవ్వారో పేర్లు వరసగా రాయమన్నాను. వరాహనరసింహం గారి పేరు ముందు రాయించాను. ఈసారి గారు నేనే అన్నాను.

ఇదంతా నా నోటితో చెప్పినదే. జ్ఞానప్రకాశం చదివి వినిపించాడు. నవ్విన భాగం, బయట బల్ల దాకా వినిపించేటట్టు గట్టిగా రెండోసారి చదివించాను. ఇందులో వేళాకోళం ఒక్క ముక్క లేదు.

(సంతకం) గొర్లె తవిటయ్య