బసన్న నోటి రిపేరు

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద ఎస్తేరమ్మ టీ బంకు ఉంది. మధ్యాహ్నం మూడు దాటింది. పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు పని చేసి మానుకున్న బసన్న బెంచీ నడుమ కూర్చుని ఉన్నాడు. ఆయన ఉన్నాడంటే చుట్టూ కూర్చున్న మాకెవరికీ మాట్లాడే పని ఉండదు. అంతలో ఆటో ఆపి సామ్సన్ దిగాడు.

“అన్నా, తొందరగా రా. పొద్దున ఇంట్లో కంప్యూటరు మదర్‌బోర్డుకు ఏందో బయాస్ అప్‌డేట్ అని అడిగితే మా బిడ్డ రూప సరే అని నొక్కింది. అప్పట్నుంచి ఫ్యాను తిరుగుతాది, బొమ్మ రాదు. నువ్వు ఫోన్లో సెప్పినట్టే చేస్తాండా, అయినా నల్లగానే ఉంది. నాలుగు గంటలకు ఆ కంప్యూటర్లోనే పరీక్ష అన్నా, టీచరు ఉద్యోగానికి. తప్పితే మళ్లీ పిలవరు.”

“ఇంతేనా? కూర్చో. ఎస్తేరమ్మా, సామ్సన్‌కు ఒక టీ. బయాస్ అంటే ఏందనుకున్నావప్పా? కంప్యూటరు నిద్ర లేచినప్పుడు నా కండ్లు యాడున్నాయి, చేతులు యాడున్నాయి అని తడుముకుంటాది సూడు, ఆ తెలివి. ఎమ్మిగనూరులో మా ప్రేమ్ కుమార్ ఇంట్లో కంప్యూటరుకు ఇదే రోగమొచ్చింది. నేను పోయి డబ్బాకు చెవి ఆనించినా. మిల్లులో ముప్పై ఏండ్లు మిషన్ల మాట విన్న చెవి ఇది. ఫ్యాను తిరుగుతాంది గానీ మనసు పెట్టి తిరగడంలే. మూత ఇప్పి, లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటాది, దాన్ని తీసి నాలిక మీద పెట్టుకుని ఛార్జి ఎంతుందో సెప్పినా. మీటరు పెట్టి సూస్తే అంతే ఉండె.”

“నాలికతోనా?” అన్నాడు మార్కెట్ యార్డు హమాలీ మాదన్న.

“నాలికతోనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపలంతా దుమ్ము. ఒక్క ఊదు ఊదినా. ఆ దుమ్ము కిటికీలోంచి పోయి పోయి మంత్రాలయంలో పడింది. నదిలో దిగిన భక్తులు గాలివాన అనుకుని, బట్టలు చంకన పెట్టుకుని లాడ్జిలకు పరిగెత్తినారు.”

“అన్నా, మూడుంబావు అయింది.”

“వస్తానుండప్పా, నేనొస్తే రెండు నిమిషాల పని. ర్యామ్ అని ఒక పట్టీ ఉంటాది. చేత్తో పెడితే చెమట తగుల్తాదని, వీధికి అవతల మిద్దె ఎక్కి ఆడ్నుంచి ఇసిరినా. కైరుప్పల జాతరలో పిడకల కొట్లాటకు పదేండ్లు పిడకలు ఇసిరిన చెయ్యి ఇది. కిటికీ ఊచల సందున దూరి, దాని గాడిలో టక్కుమని కూర్చుంది.”

“రెండు పట్టీలుంటాయంటారు కదా?”

“రెండోది ఎడమచేత్తో ఇసిరినా, మాదన్నా. అయినా బొమ్మ రాలే. ఎందుకంటే అప్‌డేట్ ఫైలు సగమే ఎక్కింది. ఏం చేయాల? వైరు నోటికాడ పెట్టుకుని మిగతా సగం నేనే సెప్పినా. ఒకటి, సున్నా, సున్నా, ఒకటి... మూడు కోట్ల అంకెలు, గుక్క తిప్పుకోకుండా.”

“మధ్యలో దగ్గు రాలేదా?” అంది ఎస్తేరమ్మ.

“వచ్చింది. సున్నాల్లో కలిపేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేసింది కంప్యూటరు! ఎంత ఇసురుగా లేసిందంటే, సోమవారం నాడు లేసి మంగళవారంలోకి పోయింది. మర్నాడు యార్డులో పత్తి ఏ ధర పలుకుతాదో స్క్రీన్ మీద పడింది. రైతులు కొట్టుకుంటారప్పా అని నేనే వెనక్కి లాక్కొచ్చి సోమవారంలో నిలబెట్టినా. బోర్డు చేసినోళ్లు సముద్రం అవతల నుంచి ఫోన్ చేసి, సార్, ఇంకమీదట మీకొక మాట సెప్పకుండా అప్‌డేట్ ఇడవము అని...”

సామ్సన్ టీ గ్లాసు ముట్టలేదు. “మూడున్నర అయింది. నాలుగేండ్లు చదివింది అన్నా నా బిడ్డ, దీనికోసం. వస్తావా, రావా?” అన్నాడు. ఆ గొంతు విని మాకు నవ్వు ఆగిపోయింది, పాపం అనిపించింది.

బసన్న కండువా సర్దుకున్నాడు. “నేనెందుకప్పా? పొద్దున సెప్పిన మందే సాలు. రెండు నిమిషాలకొకసారి ప్లగ్గు పీకి పెట్టు. కరెంటు పోయొచ్చేటప్పుడు హై ఓల్టేజికి మా మిల్లులో ఎన్ని మోటర్లు కాలినాయో! నల్లబడిన దానికి ప్లగ్గు ఉంచకూడదు.”

“నలభైసార్లు పీకినా అన్నా!”

అంతలో ఫోన్ మోగింది. రూప. సామ్సన్ స్పీకరు నొక్కాడు.

“నాయనా, బొమ్మ వచ్చింది! నువ్వు పోయినాక నేను దాన్ని ముట్టుకోలే. కాసేపటికి అదే లేసింది. అప్‌డేట్ అయినాక మొదటిసారి ఆలస్యమైతాది, ఆర్పొద్దు అని బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉంది, ఇప్పుడే సూసినా. మనం ప్లగ్గు పీకినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తాండె. నేను పరీక్షకు కూర్చుంటాండా. ఆయప్పను మాత్రం పిల్చుకురావద్దు.”

సామ్సన్ అక్కడే బెంచీ మీద కూలబడి, చల్లారిన టీ ఒక్క గుటకలో తాగేశాడు. అతని కళ్లలో నీళ్లు. బసన్న మాత్రం మా అందరి వైపూ చూసి మీసం దువ్వుకున్నాడు.

“సూసినారా? ఈడ కూర్చోని ఆడ లేపినా!”

ఎస్తేరమ్మ ఇంకో గ్లాసు నింపి ఆయన ముందు పెట్టింది.

“నిజమే బసన్నా. ఫోన్లో ప్లగ్గు పీకమని సెప్పి దాన్ని పండబెట్టిందీ నువ్వే, పోకుండా ఈడ కోతలు కోస్తా కూర్చోని లేపిందీ నువ్వే. ఇదో, టీ తాగి ఇంకొకటి మొదలుపెట్టు. ఆ బిడ్డ పరీక్ష అయ్యేదాకా నువ్వు ఈడ్నుంచి లేయొద్దు.”